పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మార్చాల్సిందేనా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన 1999లో డీటీపీ సెంటర్ పెట్టినారు. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, చుట్టుపక్కల ఊళ్ల గుళ్ల స్థలపురాణాలు, కవుల శతకాలు, అన్నీ పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవే. రిజిస్ట్రేషన్ కాగితాల్లాంటివి కొన్ని వర్డ్‌లో ఉన్నాయి. నాయనకు చూపు తగ్గింది, ఇప్పుడు షాపు నేనే చూసుకుంటా ఉన్నాను. ఆ ఫైళ్లు ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో, ఒక అట్టపెట్టె నిండా సీడీల్లో ఉన్నాయి. ఆ కంప్యూటరు ఒక్కోరోజు ఆన్ కాదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు "అన్నీ యూనికోడ్‌లోకి, కొత్త ఫార్మాట్‌లోకి మార్చి పాతవి తీసేయ్ అక్కా, పీడా పోతుంది" అంటాడు. ఒకాయన పేజీకి ఇంత అని మొత్తం మార్చిస్తానని వచ్చినాడు. నాయనేమో "పనిచేసేదాన్ని ఎందుకు కదిలిస్తావు" అంటారు. ఈ మధ్యలో, చనిపోయిన ఒక కవిగారి కొడుకు వచ్చి, నాయన చేసిచ్చిన శతకం రెండో ముద్రణ వేయాలి, ఫైలు ఉందా అని అడిగినారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, అన్నీ మార్చొద్దు. పాతవి తీసేయొద్దు. పేజీల లెక్కన వచ్చినాయనకు ఇప్పుడే మాట ఇవ్వొద్దు. కానీ ఆ ఎక్స్‌పీ కంప్యూటరు మళ్లీ ఆన్ అయిన రోజున పత్రికల పని కాసేపు పక్కన పెట్టి అయినా సరే, అందులో ఉన్నదంతా ఒక కొత్త హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. మార్చాలా వద్దా అనేది నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఆ డిస్క్ మాత్రం మీ ఆలోచన తెమిలేదాకా ఆగుతుందని చెప్పలేం.

కంప్యూటరు అసలే లేవకపోతే కంగారుపడి పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండి. చాలాసార్లు పోయేది పవర్ సప్లయ్ లేదా మదర్‌బోర్డు, డిస్క్ లోపల బాగానే ఉంటుంది. ఆ కాలం డిస్కులు ఎక్కువగా వెడల్పాటి ఐడీఈ కేబుల్‌వి. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ కంప్యూటర్ విడిభాగాల కొట్లో అడిగితే తెప్పిస్తారు. సీడీలు కూడా ఇదే విడతలో కాపీ చేసేయండి. ఇంట్లో రాసుకున్న సీడీల మీద పూత ఎండకు, వేడికి పాడవుతుంది. మన మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆ అట్టపెట్టె అటక మీద ఉంటే ముందు దించండి. ఒక డ్రైవ్ చదవలేని సీడీని ఇంకో డ్రైవ్ చదవడం మామూలే, కాబట్టి ఒక్కసారి చూసి పారేయొద్దు. కాపీ చేసేటప్పుడు ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టే తీసుకోండి. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను చాలాసార్లు ఫైలు లోపల దాచుకోదు, అవి ఫలానా ఫోల్డర్లో ఉన్నాయని గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. మీరు ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే కవర్ పేజీ మీది దేవుడి బొమ్మ ముద్రణలో గళ్లుగళ్లుగా వస్తుంది. ఫాంట్ల ఫోల్డరు, అను ఇన్‌స్టాల్ చేసిన సీడీ, సాఫ్ట్‌వేర్‌తో పాటు డాంగిల్ (కంప్యూటరుకు తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంచెవి లాంటి ముక్క) ఏమైనా ఇచ్చి ఉంటే అది, వీటిని ఫైళ్లకన్నా జాగ్రత్తగా పెట్టండి. అవి లేకపోతే ఫైలు ఉండీ లేనట్టే.

ఇక అసలు విషయం. మీ తమ్ముడు, మీ నాయనగారు, ఆ వచ్చినాయన ఒకే పని గురించి వాదిస్తున్నట్టు కనిపిస్తోంది గానీ అందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. పేజ్‌మేకర్ ఫైలును ఇప్పటి సాఫ్ట్‌వేర్ తెరిచేలా చేయడం ఒకటి. అను ఫాంట్లలో ఉన్న అక్షరాలను యూనికోడ్ తెలుగు చేయడం ఇంకొకటి. మొదటిది చేసినంత మాత్రాన రెండోది కాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మొదటిదాని సంగతి త్వరగా చెప్పేస్తాను. పేజ్‌మేకర్‌ను ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది, 1994లో అడోబీ చేతికి వచ్చింది, 2001లో వచ్చిన 7.0 చివరి పెద్ద వెర్షన్. దాని బదులు అడోబీ ఇన్‌డిజైన్‌ను పెంచింది. ఆ ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ పేజ్‌మేకర్ 6 తర్వాతి ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. అంటే మీరు ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టి తీసుకునే ఇన్‌డిజైన్‌లో మీ నాయనగారి ఫైలు లాగి వదిలితే ఏమీ జరగదు. ఊళ్లో ఎవరి దగ్గరైనా సీఎస్6 సక్రమంగా కొన్నది ఉంటే వాళ్ల దగ్గర మార్పించుకోవచ్చు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. డ్రా అనే భాగంలో తెరుచుకుంటుంది, పేజీ అమరిక అటూఇటూ జరుగుతుంది, కానీ లోపల ఏముందో చూసుకోవడానికి పనికొస్తుంది. ఈ రెంటిలో ఏ దారిలో వెళ్లినా అక్షరాలు అను అక్షరాలుగానే వస్తాయి. ఆ కంప్యూటర్లో అను ఫాంటు లేకపోతే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, పౌండ్ గుర్తులు, నెత్తిన టోపీ లాంటి గుర్తున్న ఇంగ్లిషు ఏ అక్షరాలు కనిపిస్తాయి.

అది ఎందుకో తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. పాత ఫాంట్లలో ఉండే గళ్లు 256. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు చూస్తే వేలల్లో తేలతాయి. అందుకని ఆ కాలం వాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడి, గుడి ఒక గడి, కొమ్ము ఒక గడి, వత్తులు వేరే. వెడల్పు అక్షరం కిందికి ఒక వత్తు, సన్న అక్షరం కిందికి ఇంకో వత్తు. మీ నాయనగారు కీబోర్డు మీద "స్త్రీ" కొడితే ఫైల్లోకి వెళ్లింది స, త, ర, ఈ కాదు, ఆ బొమ్మను గీయడానికి కావలసిన ముక్కల నంబర్లు. అదే ఫాంటు ఉన్నంతసేపు ముక్కలు కలిసి అక్షరంలా కనిపిస్తాయి. కంప్యూటరు దృష్టిలో మాత్రం అక్కడ తెలుగే లేదు. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు 1991లోనే సొంత స్థానాలు ఇచ్చారు, అక్షరం అక్షరంగానే నమోదవుతుంది, దాన్ని ఎలా గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలోనూ అది సాధ్యమైంది. మీ నాయనగారి ఎక్స్‌పీలోనూ గౌతమి ఉండే ఉంటుంది. ప్రెస్సులకు దానితో పనిలేకపోయింది, ఎందుకంటే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు.

కాబట్టి అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనం చేసే పని ముక్కలను చూసి అక్షరాన్ని ఊహించడం. ఎక్కువ భాగం సరిగ్గానే ఊహిస్తుంది. తప్పేచోటు ఎప్పుడూ ఒకేలాంటి చోటే, అవి ముందే తెలిస్తే సగం పని తేలిక.

ఇంగ్లిషు మాటలు మొదటిది. వాక్యం మధ్యలో ఇంగ్లిషులో ఒక పేరో, చిరునామానో ఉంటే, మార్పిడి సాధనం దాన్ని కూడా అను ముక్కలే అనుకుని అర్థంలేని తెలుగు చేసేస్తుంది. థీసిస్‌లలో ఇది పెద్ద తలనొప్పి. అంకెలూ, కొటేషన్ గుర్తులూ కూడా ఇలాగే చెడుతుంటాయి. రెండోది మనవైపు ప్రత్యేకం. నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు గుళ్ల పుస్తకాల్లో నడుమ తమిళ పాశురాలుంటాయి, శాసనం పాఠం ఉంటుంది. ఆ తమిళం వేరే పాత ఫాంటులో కొట్టి ఉంటారు. తెలుగు మార్పిడి సాధనానికి అది అంతుపట్టదు. ఆ ముక్క పక్కకు తీసి దాని ఫాంటుకు తగ్గ తమిళ సాధనంతో మార్చుకోవాలి, లేదా చూసి మళ్లీ కొట్టాలి. మీ ఊళ్లో తమిళం చదివేవాళ్లకు కొదవ లేదు కాబట్టి రెండోదే సుళువు.

పొల్లుల సంగతి ఇంకా చిక్కు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట పొల్లు దగ్గర ఆగి తర్వాత వ మొదలవ్వాలి. పాత ఫాంటులో బొమ్మలు పక్కపక్కన పేర్చారు కాబట్టి ఇబ్బంది రాలేదు. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు పొల్లు పక్కన హల్లు వస్తే రెండూ అతుక్కుని "సాఫ్ట్వేర్" అయిపోతుంది. వాటి మధ్య కంటికి కనబడని ఒక విడదీసే అక్షరం ఉండాలి. ఊళ్ల పేర్లలో, ఇంటిపేర్లలో, ఇంగ్లిషు నుంచి వచ్చిన మాటల్లో ఇది ఎక్కువగా తగులుతుంది. ప్రూఫు చూసేవాళ్లకు అక్షరదోషంలా కూడా అనిపించదు, చదువుకుంటూ జారిపోతారు.

పద్యాలకు వేరే గొడవ. శతకంలో అరసున్నలు, బండిర, పాత పద్ధతిలో వలపలగిలక (ర పొల్లును తర్వాతి అక్షరం పక్కన చూపే గుర్తు) ఉండొచ్చు. అరసున్నకు యూనికోడ్‌లో మొదటి నుంచీ స్థానం ఉంది. కానీ మార్పిడి సాధనం రాసినవాళ్లు రోజువారీ తెలుగు కోసం రాసి ఉంటే దాన్ని వదిలేస్తారు. వలపలగిలకను ఆ రూపంలోనే చూపే ఫాంట్లు తక్కువ. పాత అచ్చుల్లో కనిపించే నకారప్పొల్లుకైతే (న పొల్లుకు పాత గుర్తు) యూనికోడ్‌లో విడిగా చోటు దొరికింది 2021లోనే. కవిగారు అరసున్న పెట్టి రాశారంటే ఊరికే పెట్టలేదు కదా. అది పోయిందో లేదో కొడుక్కి తెలియకపోవచ్చు, చదివే పండితుడికి తెలుస్తుంది.

అందుకే అంటున్నాను, ఖర్చు మార్చడంలో లేదు, ప్రూఫులో ఉంది. సాధనంలో అతికించి బటన్ నొక్కడం క్షణాల పని. తర్వాత పాత అచ్చు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడటం పేజీల కొద్దీ పని. "పేజీకి ఇంత" అన్నాయన ఏ పనికి ఆ రేటు చెప్పాడో అడగండి. బటన్ నొక్కడానికే అయితే ఆ పని మీరే చేసుకోగలరు. ప్రూఫుతో కలిపి అంటే నాలుగు పేజీలు నమూనాగా ఇవ్వండి, అవి కూడా తేలికవి ఇవ్వకండి: శ్లోకం ఉన్నది ఒకటి, ఇంగ్లిషు కలిసింది ఒకటి, పట్టిక ఉన్నది ఒకటి, తమిళం ఉన్నది ఒకటి. ఎలా తెస్తాడో చూసి మాట్లాడండి.

ఇప్పుడు ఏది మార్చాలి? ఒక్కో ఫైలు ముందు కూర్చుని, దీన్ని మళ్లీ ఎవరు తెరుస్తారు, తెరిచి ఏం చేస్తారు అని మిమ్మల్ని మీరే అడగండి. ఊరికే చూడటానికి, అచ్చు తీయడానికి అయితే పీడీఎఫ్ చాలు. మాటలు దిద్దడానికి, వెతకడానికి, ఫోన్లో చదివించడానికి అయితే యూనికోడ్ కావాలి. ఎవరూ తెరవరు అంటే కాపీ ఉంచి వదిలేయండి.

పీడీఎఫ్ మాత్రం ఆ పాత కంప్యూటర్లో పేజ్‌మేకర్, అను రెండూ పనిచేస్తున్నప్పుడే తీయాలి. ఫాంట్లన్నీ లోపలే ఇమిడ్చే ఎంపిక పెట్టి తీయండి, అప్పుడు ఏ కంప్యూటర్లో తెరిచినా మీ నాయనగారు కట్టిన పేజీ కట్టినట్టే కనిపిస్తుంది. ఒక్క హెచ్చరిక. ఆ పీడీఎఫ్ చూడటానికి చక్కటి తెలుగే, కానీ అందులో "నారాయణవనం" అని వెతికితే దొరకదు, కాపీ చేసి అతికిస్తే మళ్లీ ఆ పిచ్చి గుర్తులే వస్తాయి. లోపల ఉన్నవి ఇంకా ముక్కలే కాబట్టి. తీసిన ప్రతి పీడీఎఫ్‌నూ వేరే కంప్యూటర్లో, వీలైతే ఫోన్లో, ఒకసారి తెరిచి చూడండి. అదే కంప్యూటర్లో చూస్తే ఫాంట్లు అక్కడే ఉంటాయి కాబట్టి పొరపాటు బయటపడదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే రక్షణ అప్‌డేట్లు ఆపేసింది, దానికి ఇంటర్నెట్ తగిలించకుండానే ఈ పనంతా కానివ్వండి.

పెళ్లి పత్రికల గుట్టను కదిలించకండి. పదిహేనేళ్ల కిందటి పత్రిక ఎవరికీ మళ్లీ అక్కర్లేదు, మహా అయితే పాతికేళ్ల పెళ్లిరోజుకు పిల్లలొచ్చి అడుగుతారు, దానికి పీడీఎఫ్ చాలు. కానీ ఆ పత్రికల్లో మళ్లీమళ్లీ వాడే శ్లోకాలు, శ్రీరస్తు శుభమస్తు పంక్తులు, ఆహ్వానపు వాక్యాలు, గృహప్రవేశం, ఓణీల వేడుక, సంవత్సరీకం పత్రికల నమూనాలు ఉంటాయి చూడండి, వాటిని ఈ వారమే యూనికోడ్ చేసుకోండి. రెండు మూడు పేజీలకు మించవు. ఎవరిచేతనైనా సంస్కృతం తెలిసినవారిచేత ఒక్కసారి దిద్దించుకుంటే రోజూ పనికొస్తాయి. మొత్తం పెట్టెలో మీకు వెంటనే డబ్బు తెచ్చిపెట్టే భాగం ఇదే.

ప్రశ్నపత్రాల సిలబస్‌లు ఎప్పుడో మారిపోయాయి, వాటి జోలికి పోవద్దు. థీసిస్‌లు రాసినవాళ్లవి, మీవి కావు. యూజీసీ 2009 నిబంధనల నుంచి పీహెచ్‌డీ గ్రంథాలను ఎలక్ట్రానిక్ ప్రతిగా కూడా ఇవ్వాలి, చాలావరకు థీసిస్‌లను ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలో చేరుతున్నాయి. అంతకుముందువి ఎవరైనా అడిగితే పీడీఎఫ్ ఇవ్వండి.

వర్డ్ ఫైళ్లకు తొందర లేదు. 2007కు ముందు వర్డ్ డాక్ అనే ఫార్మాట్‌లో దాచేది, ఆ తర్వాత డాక్స్ వచ్చింది. పాత డాక్ ఫైళ్లను ఇప్పటి వర్డ్ కూడా తెరుస్తుంది. మరీ పాత వర్డ్ 95, అంతకుముందువి అయితే భద్రత పేరుతో అడ్డుకుంటుంది, లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూడండి. ఎప్పుడు ఏ ఫైలు అవసరపడి తెరిస్తే అప్పుడు దాన్ని డాక్స్‌గా సేవ్ చేసుకుంటే సరిపోతుంది. కాకపోతే డాక్స్ చేసినంత మాత్రాన అక్షరాలు యూనికోడ్ కావు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఫైల్లో ఒక వాక్యాన్ని ఎంచుకుని ఫాంటును గౌతమి అని మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడే. పిచ్చి అక్షరాలుగా మారితే అది అను. రిజిస్ట్రేషన్ కాగితాలు మాత్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా మార్చిపెట్టే సైట్లలో వేయకండి. అందులో జనం ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు, సంతకాలు ఉంటాయి. మీ దగ్గర నమ్మి కొట్టించుకున్నవాళ్ల వివరాలు అవి.

స్థలపురాణాల దగ్గర మాత్రం నా సలహా తిరగబడుతుంది. వీటిని ఎవరూ అడగకపోయినా మార్చండి. ఐదొందల ప్రతులు వేసి ఉత్సవాల్లో పంచేసిన చిన్న పుస్తకాలవి. ఏ లైబ్రరీలోనూ ఉంటాయని నమ్మకం లేదు. రాయించిన ధర్మకర్త ఇంట్లో కూడా ఒక ప్రతి మిగిలి ఉంటుందో లేదో. ఊరి పేరు ఎలా వచ్చింది, మాన్యం ఎవరిచ్చారు, తిరునాళ్ల ఎప్పుడు, ఏ కులంవాళ్లు ఏ సేవ చేసేవాళ్లు లాంటివి ఇంకెక్కడా రాసి ఉండవు. యూనికోడ్‌లో ఉంటేనే రేపు ఎవరైనా ఊరి పేరు వెతికితే దొరుకుతాయి. నెలకు ఒకటి చొప్పున పెట్టుకోండి. బయట పెట్టేముందు రాసినవారిని గానీ వారి వారసులను గానీ అడగాలి. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు కుటుంబానిదే.

ఏది ఏమిటో తెలిసేది మీ నాయనగారికి. ఆయన పెట్టిన పేర్లు ఎలా ఉంటాయో నేను ఊహించగలను: న్యూ, న్యూ1, ఫైనల్, ఫైనల్ ఒరిజినల్, రెడ్డిగారు. ఆ కాలం డీటీపీ వాళ్లందరిదీ ఇదే తీరు. చూపు తగ్గినా వినికిడి, జ్ఞాపకం ఉన్నాయి కదా. సాయంత్రాలు పక్కన కూర్చుని ఒక్కో ఫైలు తెరిచి మొదటి నాలుగు పంక్తులు చదివి వినిపించండి, ఎవరిదో ఎప్పటిదో చెబుతారు, ఒక నోటుబుక్కులో రాసుకోండి. మూడు ఫైళ్లలో ఏది ప్రెస్సుకు వెళ్లిందో ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు. తప్పు ప్రతిని కష్టపడి యూనికోడ్ చేసుకోవడం కన్నా విసుగు పుట్టించే పని లేదు. "పనిచేసేదాన్ని ఎందుకు కదిలిస్తావు" అన్న ఆయన మాట కూడా కొట్టిపారేసేది కాదు. కొత్త కంప్యూటర్లో, ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పీని, పేజ్‌మేకర్‌ను, అనును అలాగే ఉంచి నడుపుకునే వీలుంది, మీ దగ్గర వాటి అసలు సీడీలు ఉంటే. తమ్ముడికి ఆ పని అప్పజెప్పండి, సెలవుకు వచ్చినప్పుడు చేసిపెడతాడు. అప్పుడు ఆ పాత పెట్టె ఆగిపోయినా దిగులుండదు.

పాతవి తీసేయమన్న మాట మటుకు వినొద్దు. మీ కొండ మీద అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులున్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని చదివి అచ్చుకు సిద్ధం చేశారు. అచ్చయింది కదా అని రేకుల్ని కరిగించలేదు. పాఠం మీద అనుమానం వస్తే చూసుకోవడానికి అవే దిక్కు. మీ పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ కలిపినా ఇప్పటి పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతాయి. రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి షాపులో, ఇంకొకటి ఇంట్లో.

చివరికి ఆ శతకం. ఇది తప్పకుండా యూనికోడ్ చేయాల్సిన పని, ఎందుకంటే రెండో ముద్రణ అంటే కొత్త ముందుమాట వస్తుంది, తప్పొప్పులు దిద్దుతారు, రేపు ఈ-బుక్ కూడా అడుగుతారు. పేజ్‌మేకర్‌లో ఒక్కో పద్యం ఒక్కో పెట్టెలో ఉంటే విడివిడిగా తీయాల్సి వస్తుంది, ఓపిక కావాలి. ప్రెస్సు కోసం పేజీలను బుక్‌లెట్ వరుసలో అమర్చిన ఫైలు చేతికొస్తే పద్యాల క్రమం గందరగోళంగా ఉంటుంది, మామూలు వరుసలో ఉన్న ఫైలును వెతకండి. మార్పిడి సాధనంతో ఒక ప్రతి తయారుచేయండి. శతకం పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చి గూగుల్ డాక్స్‌లో తెరిపించి, అది బొమ్మ చూసి చదివిన ప్రతి ఇంకొకటి తీసుకోండి. మొదటిది పొల్లుల దగ్గర, ఇంగ్లిషు దగ్గర తప్పుతుంది. రెండోది మ-వు, ప-వ, ద-ధ-థ లాంటి పోలికల దగ్గర తప్పుతుంది. రెండూ ఒకే చోట తప్పడం అరుదు. వర్డ్‌లో రెండు ప్రతులను పోల్చే ఏర్పాటు ఉంది, రెండింటికీ తేడా వచ్చిన చోట్లను ముందు దిద్దితే తప్పుల్లో చాలా భాగం అక్కడే తేలిపోతాయి. మిగిలినవి పాత అచ్చుతో సరిచూసుకోవాల్సిందే.

ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేటప్పుడు వత్తులు విడిపోయి పక్కకు పడితే మార్పిడి చెడిందని భయపడకండి. పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే సర్దుకుంటాయి. భారతీయ లిపులకు ఆ ఏర్పాటు సీఎస్6 నుంచీ ఉంది. ఫాంట్లకు కరువు లేదు, మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం లాంటివి ఉచితంగా దొరుకుతాయి. పద్యాలకు పెట్టేముందు అరసున్న, బండిర ఆ ఫాంటులో ఎలా పడుతున్నాయో ఒక పేజీ అచ్చు తీసి చూడండి. ఫాంటు మారితే అక్షరాల వెడల్పు మారుతుంది, పంక్తులు జరుగుతాయి, పేజీ నంబర్లు మారతాయి. పద్యాల అకారాది సూచిక పాతది పనికిరాదు, మళ్లీ తయారుచేయాలి.

ఆ కొడుకుగారు "ఫైలు ఉంది కదమ్మా, ఒక్క బటన్ నొక్కితే అచ్చు వచ్చేయదూ" అంటారు. అందరూ అంటారు. ఎస్టిమేట్ రాసేటప్పుడు మార్పిడి, పేజీలు కట్టడం, సూచిక, ప్రూఫు నాలుగూ వేరువేరు పంక్తుల్లో వేయండి. ప్రూఫుకు ఛందస్సు తెలిసినవారిని పెట్టుకోండి, వారికిచ్చే సొమ్ము కూడా అందులోనే చూపండి. మార్పులేమీ అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు వేసిస్తే చాలంటే పాత పీడీఎఫ్‌నే ప్రెస్సుకు పంపించి, మార్పిడి డబ్బు ఆయనకు మిగల్చండి. కొత్తగా కట్టించుకుంటానంటే ఆఖరి ప్రూఫు ప్రతి పేజీ మీదా ఆయన సంతకం తీసుకున్నాకే ప్రెస్సుకు ఇవ్వండి.